మెడల్ అంచు చదవనిచ్చే ఫ్రేము

షాపుకు పేరు లేదు. పసుపు రేకు మీద ఎర్ర రంగుతో 'ఫొటో ఫ్రేములు కట్టబడును, లామినేషన్ చేయబడును' అని రాసి ఉంటుంది. కింద ఉన్న ఫోన్ నంబరు సగం చెరిగిపోయింది. హనుమకొండ చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి దాటి ములుగు రోడ్డు వైపు పోతుంటే ఒక పిండి గిర్ని పక్కన గల్లీ వస్తుంది, అందులో మూడో మడిగె. ముందు వరుసలో వెంకటేశ్వరస్వామి, సమ్మక్క సారలమ్మ, అంబేద్కర్ పటాలు, దండలేసిన పెద్దమనుషుల ఫొటోలు. ఇక్కడ మెడల్స్ కూడా కడతారని బయట నుంచి చూస్తే ఎవరికీ తోచదు. నాకు కూడా ఒక రిటైర్డ్ హవల్దార్ చెబితేనే తెలిసింది.

నేను సైన్యంలో యంత్రాలు మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో చేసి నాయబ్ సుబేదారుగా బయటికొచ్చినవాణ్ణి. నా సొంత మెడల్స్ చెప్పుకోదగ్గవేమీ కావు. జమ్మూ కాశ్మీర్ క్లాస్ప్‌తో (క్లాస్ప్ అంటే ఎక్కడ చేశామో రాసి రిబ్బన్ మీద తొడిగే లోహపు పట్టీ) సైన్య సేవా మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లయినందుకు 1997లో సర్వీసులో ఉన్న అందరికీ పంచినది, తొమ్మిదేళ్లకూ ఇరవై ఏళ్లకూ వచ్చే లాంగ్ సర్వీసువి. ముందు వాటిని ఇచ్చి చూశాను. పని నచ్చింది. అప్పుడు బీరువాలోంచి అసలు సెట్టు తీశాను.

అసలు సెట్టు ఒక ఇంగ్లిష్ ఆఫీసరుది. సికింద్రాబాద్‌లో పాత నాణేల ప్రదర్శన పెట్టినప్పుడు కొన్నది. ఆరు మెడల్స్, కుట్లు ఊడిపోయి, రిబ్బన్లు చిమ్మటలు కొట్టి, అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ కవర్లో పడేసి ఉన్నాయి. ఆయన పేరు ఇక్కడ రాయను, మనవలో మునిమనవలో ఎక్కడో ఉండే ఉంటారు. సోమర్సెట్ లైట్ ఇన్‌ఫంట్రీ అనే రెజిమెంటు మనిషి, సైన్యాన్నే ఉద్యోగంగా పెట్టుకొని బతికినవాడు, అంతవరకు చాలు.

"తెల్లోని మెడల్స్ నీకెందుకే?" అని మా ఎక్స్ సర్వీస్‌మెన్ బ్యాచ్‌లో అడగనివాడు లేడు. ఆ మనిషి మీద నాకు ప్రేమేమీ లేదు. సర్వీసు కాగితాలు చదవడం నాకు అలవాటైన పని. ఈ ఆరు ముక్కలు వరుసగా పెడితే ఒక మనిషి సర్వీసు బుక్కు మొత్తం అందులో ఉంది. అది చదవడం కోసం కొన్నాను. అందుకే ఫ్రేము కట్టినా చదివే వీలు పోకూడదన్నది నా పట్టు.

చాలా ఫ్రేము షాపులు దెబ్బ తీసేది అక్కడే. నాకు తెలిసిన ఒకాయన వాళ్ళ నాన్న మెడల్స్‌ని వేరే ఊళ్లో ఒక షాపుకు ఇస్తే, ఎర్ర మఖమల్ గుడ్డ మీద గ్లూ గన్‌తో అతికించి, పైన అద్దం బిగించి, వెనక మేకులు కొట్టి ఇచ్చారు. గోడ మీద చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మెడల్‌కు ప్రాణం దాని అంచులో ఉంటుంది. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ అన్నీ అంచు మీదే కొడతారు, మన దేశంలో కూడా అంతే. వాళ్ళ నాన్న పేరు ఇప్పుడు జిగురు కింద ఉంది. పీకితే మెడల్ పాడవుతుంది, పీకకపోతే అది ఎవరిదో రుజువు లేదు.

ఈ షాపు ఓనరుకు నలభై అయిదుంటాయేమో. కవరు విప్పి మెడల్స్ టేబుల్ మీద పరిచాను. నేను ఎదురుచూసిన ప్రశ్న సైజెంత, ఫ్రేము రంగేంటి, బంగారు బార్డర్ కావాలా అని. ఆయన చేతులు లుంగీకి తుడుచుకొని, స్టార్‌ని తిరగేసి, మళ్లీ బోర్లించి, "మిల్ట్రీ సారూ, ఇది ముందట చూసుకునేదా, ఎనక చూసుకునేదా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకే పని ఇచ్చేశాను. ఎందుకంటే ఆ స్టార్‌కు అంచు లేదు. మిగతా మెడల్స్‌కు పేరు అంచు మీద ఉంటే, 1914-15 స్టార్‌కు పేరు వెనక నున్నటి భాగం మీద కొట్టి ఉంటుంది. అంటే ఒకదానికి వెనక, ఇంకో మూడింటికి కింది అంచు కనిపించాలి. మిగిలిన రెండింటి కథ వేరే, దానికి తర్వాత వస్తాను.

మెడల్స్ కట్టడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి స్వింగ్. రిబ్బన్ పైన బార్‌కు ఉంటుంది, మెడల్ కింద వేలాడుతుంది, మనిషి నడిస్తే గలగలమంటుంది, ఒకదానికొకటి తగిలి అంచులు నొక్కుకుపోతాయి. రెండోది కోర్ట్ మౌంటింగ్. గట్టి అట్ట మీద రిబ్బన్‌ను మెడల్ వెనక దాకా పరిచి, మెడల్‌ని కూడా దాని మీద దారంతో నిలబెడతారు, ఇక కదలదు. నా సొంత మెడల్స్‌కు కోర్ట్ పద్ధతి చేయించుకున్నాను, జనవరి 26కు ఛాతీ మీద నీటుగా కూర్చున్నాయి. ఆఫీసరు సెట్టుకు మాత్రం అది పనికిరాదు, స్టార్ వెనక భాగం అట్టకు అతుక్కుపోతుంది.

ఇలాంటి పనికి లండన్‌లో పేరుమోసిన మనుషులున్నారు, కానీ పంపించడం పెద్ద తలనొప్పి. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను మామూలు మనుషులు దేశం దాటించకుండా 1972 నాటి పురావస్తు చట్టం ఉంది. సెట్టులో నాలుగు మెడల్స్ నూరేళ్లు దాటినవే. ఇవి ఆ చట్టం కిందికి రావని వాదించేవాళ్లూ ఉంటారు, ఆ వాదన కస్టమ్స్ కౌంటరు ముందు నిలబడి చేసే ఓపిక నాకు లేదు. కాబట్టి హనుమకొండే.

ఓనరు ఒక పాత లగ్గం పత్రిక వెనక బొమ్మ గీశాడు. తలుపున్న పెట్టెలాంటి ఫ్రేము. లోపల ఇత్తడి కొక్కేలు రెండు, వాటి మీద మెడల్ బార్ కూర్చుంటుంది, కావాలంటే ఎత్తి బయటికి తీయొచ్చు. మెడల్స్ స్వింగ్ పద్ధతిలోనే వేలాడతాయి కానీ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వేలెడు సందు. గోడకు ఉండేదే కాబట్టి కదిలే బాధ లేదు. ప్రతి మెడల్ వెనక ముడి నూలు గుడ్డతో చిన్న దిండు. షాపులో పనిచేసే పిల్లగాడు కింద సన్నటి అద్దం ముక్క పెడితే తలుపు తీయకుండానే అంచు చదవొచ్చన్నాడు. తెలివైన ఆలోచనే. పెట్టి చూస్తే అక్షరాలు తిరగబడి కనిపించాయి. ఓనరు నవ్వి అద్దం తీసేశాడు.

చెక్క టేకు. పాత ఇల్లు కూల్చినప్పుడు వచ్చిన దర్వాజా ముక్కను చిత్రిక పట్టి వాడాడు, అందుకే వంకర పోదని ఆయన ధీమా. వెనక పలక కోసం ముందు మామూలు ఎండీఎఫ్ పెట్టబోయాడు. దాని జిగురులోంచి వచ్చే ఆవిరికి మూసి ఉన్న పెట్టెలో లోహం పాడవుతుంది, వద్దన్నాను. మారుమాట్లాడకుండా మార్చాడు, కానీ దానికి డబ్బులు వేరే తీసుకున్నాడు. న్యాయమే.

ఇప్పుడు మెడల్స్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ పనిలో కష్టమెక్కడుందో అర్థం కాదు.

స్టార్ కంచుది. కిరీటం, అడ్డంగా రెండు కత్తులు, మధ్యలో 1914-15 అని పట్టీ. 1914 ఆగస్టు నుంచి నవంబరు 22 దాకా ఫ్రాన్సు, బెల్జియంలో ఉన్నవాళ్లకు 1914 స్టార్ అని విడిగా ఒకటి ఉంది. అది రాకుండా ఇది వచ్చిందంటే, ఆ మొదటి నెలల ఊచకోతకు మనవాడు అందలేదు. వెనక చూస్తే సెకండ్ లెఫ్టినెంట్ అని, పేరు, రెజిమెంటు. పక్కన వెండి బ్రిటిష్ వార్ మెడల్, కంచు విక్టరీ మెడల్. ఈ రెండింటి అంచు మీద కెప్టెన్ అని ఉంది, రెజిమెంటు పేరు లేదు. ఆఫీసర్ల మెడల్స్‌కు అదే పద్ధతి, ర్యాంకు, పేరు కొట్టి వదిలేసేవాళ్లు. అంటే ఈ మూడింట్లో స్టార్ పోయిందనుకోండి, మిగిలిన ఈ రెండూ చూసి ఆ కెప్టెన్ ఏ రెజిమెంటువాడో చెప్పే దారే ఉండదు. సెట్టు విడగొట్టి అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే. సెకండ్ లెఫ్టినెంటుగా యుద్ధంలోకి పోయి కెప్టెన్‌గా బయటపడ్డాడన్న సంగతి మూడూ ఒకచోట ఉంటేనే కనిపిస్తుంది.

విక్టరీ మెడల్ రిబ్బన్ ఇంద్రధనుస్సు రంగులు, దాని మీద కంచుతో చేసిన చిన్న ఓక్ ఆకు. సేనాధిపతి పంపిన నివేదికలో పేరు వచ్చినవాళ్ళకు అది దక్కుతుంది. గోరంత ఉంటుంది. రిబ్బన్ మార్చేటప్పుడు ఎక్కువ మంది పారేసుకునేది దాన్నే. షాపులో దాన్ని ఒక అగ్గిపెట్టెలో వేసి, పెట్టె మీద 'మిల్ట్రీ సార్ ఆకు' అని రాసి పెట్టారు.

పిల్లగాడు గమనించిన ఇంకో విషయం నాకు ముచ్చటేసింది. వెండి మెడల్ మీద 1914, 1918 అని ఉంది, కంచు మెడల్ వెనక మాత్రం 'నాగరికత కోసం మహాయుద్ధం, 1914-1919' అని ఉంది. "సార్, రెండిట్ల ఒకటి డూప్లికేట్ కావచ్చు" అన్నాడు. రెండూ అసలువే. కాల్పులు ఆగింది 1918 నవంబరులో, జర్మనీతో వెర్సాయ్ సంధి మీద సంతకాలు పడింది 1919 జూన్‌లో. నాగరికత సంగతి వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు.

డూప్లికేట్ అనుమానం మాత్రం తప్పేం కాదు. పాత పేరు అరగదీసి కొత్త పేరు కొట్టే మోసం ఈ వ్యాపారంలో చాలా ఉంది. అరగదీస్తే చుట్టుకొలత తగ్గుతుంది. ఆ వెండి మెడల్ అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. నేను ఈఎంఈవాణ్ణి, కొలిచే వెర్నియర్ జేబులో లేకుండా పాత సామాను కొనను. అంచు చుట్టూ మూడు నాలుగు చోట్ల పెట్టి చూస్తే ఎక్కడా తేడా రాకూడదు. ఇందులో రాలేదు.

ఈ వెండి మెడల్ సుమారు 65 లక్షల మందికి ఇచ్చారు. అందులో దాదాపు 1,10,000 మాత్రం వెండివి కావు, కంచువి. ఆ కంచువి ఎవరికి పోయాయంటే చైనా, మాల్టా, మన దేశం నుంచి తీసుకుపోయిన లేబర్ కోర్ (కూలి దళం) మనుషులకు. బొమ్మ ఒకటే, రాజు తల ఒకటే, యుద్ధం ఒకటే, మోసినవాడికి కంచు, మోయించినవాడికి వెండి. అలాంటి కంచుది అంచు మీద మన మనిషి పేరుతో దొరికితే ఈ ఆఫీసరు సెట్టు మొత్తం ఇచ్చి తీసుకుంటాను, ఇది రాసిపెట్టుకోండి. వెండివి కూడా ఎన్నో పోయాయి. 1980 ప్రాంతంలో వెండి ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు ఇంగ్లండులోనే కుప్పలకొద్దీ కరిగించారు. మన దగ్గర కిలో లక్ష దాటిన తర్వాత కంసాలి కుంపట్లోకి ఎన్ని పోయాయో.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఇండియా జనరల్ సర్వీస్ మెడల్, 1908 నాటి రకం. ఒక పక్క అయిదో జార్జి, రెండో పక్క ఖైబర్ కనుమ దగ్గరి జమ్రూద్ కోట, వెనక కొండలు, కింద ఇండియా అని. ఆకుపచ్చ రిబ్బన్, మధ్యలో నీలం చార. ఈ మెడల్‌కు మొత్తం పన్నెండు క్లాస్ప్‌లు ఉన్నాయి. ఒక్కో దండయాత్రకు ఒక్కోటి. అన్నిట్లోకీ అరుదైనది 'వజీరిస్తాన్ 1925', అది వైమానిక దళం వాళ్లకు, 46 మంది ఆఫీసర్లకు, 214 మంది సిబ్బందికి మాత్రమే వచ్చింది. 'మలబార్ 1921-22' అని కేరళలో మాప్పిళ్ళ ముస్లింల తిరుగుబాటును అణచినందుకు ఇచ్చినది కూడా ఇందులోనే ఉంది. మా ఆఫీసరుది మామూలుగా దొరికేదే, 'అఫ్ఘానిస్తాన్ ఎన్.డబ్ల్యు.ఎఫ్. 1919', ఎన్.డబ్ల్యు.ఎఫ్. అంటే వాయవ్య సరిహద్దు.

దొరకడం మామూలే కావచ్చు, ఈ రెజిమెంటు చేతిలో మాత్రం దాని బరువు వేరు. సోమర్సెట్ వాళ్ళ టోపీ బ్యాడ్జి మీద జలాలాబాద్ అని రాసి ఉంటుంది. 1841-42లో కాబూల్ నుంచి వెనక్కి వస్తున్న బ్రిటిష్ సైన్యం దారిలోనే తుడిచిపెట్టుకుపోతే, జలాలాబాద్ కోటలో ముట్టడి తట్టుకొని నిలబడిన పదమూడో నంబరు రెజిమెంటు వీళ్ళదే. 1919 మే నెలలో అఫ్ఘాన్ అమీరు అమానుల్లా సైన్యం సరిహద్దు దాటినప్పుడు ఖైబర్ అవతల డక్కా దగ్గర పోరాడిన వాళ్ళలో వీళ్ళ రెండో బెటాలియన్ ఉంది. డక్కా నుంచి ఆ దారి పోయేది జలాలాబాద్‌కే. టోపీ మీద మోసుకు తిరిగే ఊరు అంత దగ్గరలో ఉన్నా పదాతిదళం అక్కడిదాకా పోలేదు, విమానాలు పోయి బాంబులేసి వచ్చాయి. జూన్ మొదట్లో కాల్పులు ఆగాయి, ఆగస్టు 8న రావల్పిండిలో సంతకాలు. ఫ్రాన్సు బురదలోంచి బయటపడ్డ మనిషిని ఏడాది తిరక్కుండా ఖైబర్ ఎండలో నిలబెట్టారు. సైన్యంలో చేసినవాళ్ళకు ఈ తమాషా తెలిసినదే.

ఈ మెడల్‌ను పైన పట్టీకి పట్టి ఉంచే పంజా వదులై ఊగుతోంది. ఓనరు దాన్ని చూసి, "నేను టాంకా పెడ్తే కరాబైతది సార్, వెండి పనోళ్ళకు చూపెట్టున్రి" అని చెప్పి, కరీంనగర్‌లో ఫిలిగ్రీ పని చేసే ఒకాయన దగ్గరికి పంపించాడు. వెండి తీగను వెంట్రుకలా లాగి పువ్వులల్లే చేతులవి. ఆయన నిప్పు తగలనీయకుండా చీలను మాత్రం సన్న పట్టకారుతో బిగించి ఇచ్చాడు. చేయడానికి ఎంతసేపూ పట్టలేదు, చూడడానికి మాత్రం చాలాసేపు చూశాడు. తనకు రాని పనిని వచ్చని చెప్పని ఫ్రేము షాపు ఓనరుకు ఈ ఒక్కదానికి ఎక్కువ మార్కులు వేస్తాను.

తోమే విషయంలో మాత్రం మీరు దగ్గరుండాలి. నేను ఛాయ్ తాగి వచ్చేలోగా పిల్లగాడు స్టార్‌కు చింతపండు పట్టించడానికి గిన్నె తెచ్చి పెట్టాడు. ఇంట్లో దీపపు కుందెలు తోమినట్టు తోమితే అక్షరాలు అరిగిపోతాయి, వందేళ్ల రంగు పోతుంది, కొనేవాడు సగం ధర కూడా పెట్టడు. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడవడం తప్ప ఏమీ చేయొద్దని కాగితం మీద రాసి, కవరుకు పిన్ను కొట్టి ఇవ్వండి. నోటితో చెబితే సరిపోదు, అక్కడ పని చేతులు మారుతుంది.

కుట్టు పని ఓనరు చేయడు, ఆయన భార్య చేస్తుంది. పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేసే మనిషి. ఆమెను నేను చెల్లె అంటాను, ఆమె నన్ను అన్నా అంటుంది. రిబ్బన్ వెడల్పు 32 మిల్లీమీటర్లు, నీటి అలల్లాంటి మెరుపున్న నేత, ఏ మాత్రం గట్టిగా లాగినా ముడత పడుతుంది. ఆమె అద్దాల పని చేసే సన్న సూదితో, రిబ్బన్ రంగు చార మీదే అదే రంగు దారం పోనిచ్చి కుట్టింది. చార మారినచోట దారమూ మారింది. ఎంత దగ్గరగా పెట్టుకొని చూసినా కుట్టు కనిపించలేదు, వేలితో తడిమితే తగిలింది. మా యూనిట్ దర్జీ జన్మలో అలా కుట్టలేదు.

కొత్త రిబ్బన్లు ఇక్కడ దొరకవు. సికింద్రాబాద్‌లో మిలిటరీ సామాను అమ్మే దుకాణాల్లో మన రిబ్బన్లు ఉంటాయి, పాత బ్రిటిష్‌వి ఉండవు. ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నాను, పోస్టు ఖర్చుతో కలిపి రిబ్బన్లే కుట్టు కూలి కంటే ఎక్కువయ్యాయి. చిరిగిన పాతవి పారేయకుండా ఫ్రేము వెనక కవర్లో పెట్టించాను. స్టార్ రిబ్బన్ ఎరుపు, తెలుపు, నీలం ఒకదాంట్లోకి ఒకటి కరిగినట్టుంటుంది. దానికి కుడి ఎడమలున్నాయి, ఎరుపు ఛాతీ మధ్యకు రావాలి, అంటే చూసేవాడికి ఎడమ పక్కన. మొదటిసారి తిరగేసి కుట్టారు. చెప్పగానే చెల్లె విప్పి మళ్లీ కుట్టింది, పైసా అడగలేదు. విప్పిన చోట సూది రంధ్రాలు రెండు మిగిలాయి, నాకు తెలుసు కాబట్టి కనిపిస్తాయి.

ఇక ఆ చివరి రెండు మెడల్స్. డిఫెన్స్ మెడల్, 1939-45 వార్ మెడల్. రెండో ప్రపంచ యుద్ధంలో ముసలాయన్ని మళ్లీ పిలిచి ఇంగ్లండులోనే ఏదో డ్యూటీలో పెట్టి ఉంటారు, డిఫెన్స్ మెడల్‌కు స్వదేశంలో మూడేళ్ల సర్వీసు కావాలి. కానీ ఈ యుద్ధం మెడల్స్‌ను బ్రిటన్ తన వాళ్లకు పేరు చెక్కకుండానే ఇచ్చింది. కాబట్టి ఈ రెండూ ఆయనవేనని అమ్మినవాడి మాట తప్ప ఆధారం లేదు. కలిపి ఒకే వరుసలో కడితే అబద్ధమాడినట్టు ఉంటుందని నాకు గుంజాటన. ఆ మాటే ఓనరుతో అన్నాను. ఆయన నాలుగింటికీ ఈ రెండింటికీ మధ్య బార్ మీద రెండు వేళ్ల జాగా వదిలి, "సాక్ష్యం లేనోళ్లు జర దూరం కూసుంటరు, అంతే కదా సార్" అన్నాడు.

ఇలాంటి సెట్టు మీ దగ్గరా ఉంటే, ఫ్రేముకు ఇచ్చే ముందే పేరు, ర్యాంకు రాసిపెట్టుకొని వెతకండి. లండన్ గెజిట్ ఇంటర్నెట్‌లో ఉచితం, ప్రమోషన్లు, పురస్కారాలు తేదీలతో దొరుకుతాయి. పాత ఆర్మీ లిస్టులను స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం స్కాన్ చేసి పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎవరికి ఏ మెడల్ వచ్చిందో రాసిన మెడల్ కార్డులు లండన్‌లో క్యూ (Kew) అనే చోట బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ యుద్ధం మెడల్స్ సిపాయిల ఇళ్లకు వాటంతట అవే వెళ్లాయి, ఆఫీసర్లు మాత్రం అర్జీ పెట్టుకోవాలి. అందుకే ఆఫీసర్ల కార్డుల మీద చిరునామాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇండియన్ ఆర్మీ ఆఫీసరు అయితే వెతకాల్సింది బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు కాగితాలు. నిజాం ఖర్చుతో బ్రిటిష్ వాళ్లు నడిపిన మన హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి వచ్చిన పల్టన్లు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా, 1945లో కుమావ్ రెజిమెంటుగా మారాయి, ఆ పేర్ల మార్పు తెలియక చాలామంది వెతుకులాట మధ్యలో వదిలేస్తారు.

ఇవన్నీ ఒక పేజీ రాసి ఫ్రేము వెనక పెట్టించాను. టైపింగ్ కూడా షాపులోనే చేస్తారు, అది మాత్రం చేయించుకోకండి. సోమర్సెట్‌ను 'సమ్మర్ సెట్' అని కొట్టారు, దిద్దమంటే 'సోమవార్ సెట్' అని వచ్చింది. చివరికి ఇంట్లో నేనే కొట్టుకొని ప్రింటు తీసుకున్నాను.

మిగతా లోపాలు. చెప్పిన రోజుకు పని కాదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఇస్తే చెల్లె చేతిలో జాకెట్ల మూట ఉంటుంది, మీ మెడల్స్ డ్రాయర్‌లో నిద్రపోతాయి. సరుకు తీసుకున్నట్టు రసీదు ఇవ్వరు, అడిగితే క్యాలెండర్ కాగితం చించి రాసిచ్చారు. కాబట్టి ఇచ్చే ముందు అంచులతో సహా ఫొటోలు తీసుకోండి. ముందు మామూలు అద్దమే బిగించారు, ట్యూబ్ లైటు దాంట్లో మెరిసి ఓక్ ఆకు కనిపించేది కాదు, మెరవని అద్దం హైదరాబాద్ నుంచి తెప్పించాలంటే మరింత ఆలస్యం అన్నారు. నేను ఆగాను. తలుపుకు పెట్టిన అయస్కాంతం కొంచెం బలహీనం, ఫ్యాను గాలికి కాదు గానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకోటి అడిగి పెట్టించుకోండి.

నాకైన ఖర్చు: టేకు పెట్టె, పలక, అద్దం కలిపి 3,400 రూపాయలు, కుట్టు కూలి 900. నా సొంత మెడల్స్ కోర్ట్ మౌంటింగ్‌కు 600 తీసుకున్నారు. సికింద్రాబాద్‌లో ఒకచోట ఈ పెట్టెకే రెట్టింపు చెప్పారు, అది కూడా మెడల్స్ అతికించేస్తామన్నారు.

అయిదుకు నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒకటి టైపింగ్‌కు, రసీదుకు. పొద్దున పదకొండు దాటాక పోతే ఓనరు ఉంటాడు, మధ్యాహ్నం షాపు పిల్లగాడి చేతిలో ఉంటుంది, ఆ టైములో మాత్రం మెడల్స్ ఇవ్వకండి. గల్లీలో కారు తిరగదు, గిర్ని ముందు ఆపితే గిర్ని ఆయన అరుస్తాడు, గుడి దగ్గర పెట్టుకొని నడిచి రావడం మేలు.